సీలు చింపిన ల్యాప్‌టాప్

ఇది 2021 నాటి సంగతి. అప్పుడే ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. అక్షరాలు ఆ తర్వాత, నలభై ఆరో ఏట, మా వీధి టీచరమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. చదువు రాకుండా కంప్యూటర్లు ఎట్లా బాగుచేశావని అడుగుతుంటారు. కీబోర్డు మీది కీలన్నీ ఊడదీసి, కడిగి, ముందే ఫోన్‌లో తీసి పెట్టుకున్న ఫొటో చూసి మళ్లీ అమర్చేదాన్ని. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టే.

జగ్గయ్యపేట బస్టాండు దగ్గర మాది ల్యాప్‌టాప్ రిపేరు షాపు. పని మా ఆయన నేర్పాడు. ఆయన సీసీ కెమెరాలు బిగిస్తూ ఊళ్లు తిరగడం మొదలెట్టాక షాపు నాకు వదిలేశాడు. మా ఊళ్లో ఈ పనికి ఒక పద్ధతుంది. సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి లారీలు ఉన్న ఊరు కాబట్టి ఆర్నెల్లకోసారి ల్యాప్‌టాప్ విప్పి ఫ్యాను దులపాలి. చెమ్మ తగిలితే ఆ దుమ్ము గడ్డకడుతుంది. ఫ్యాను తిరగదు, వేడెక్కి మిషన్ ఆగిపోతుంది.

అందుకే ఒక కంపెనీ అంటే నాకు ప్రాణం. పేరు రాయను. దాని పాత మోడళ్లకు అడుగున చిన్న మూత ఉండేది. ఒక్క స్క్రూ తీస్తే ఫ్యాను చేతికొచ్చేది. తయారుచేసినవాడెవడో మా ఊరు చూసి వెళ్లి చేసినట్టు ఉండేది. ఎవరడిగినా అదే కొనమనేదాన్ని. పుట్టింటిని ఏమన్నా ఊరుకునేదాన్నేమో గాని, ఆ కంపెనీని అంటే ఊరుకునేదాన్ని కాదు.

అడుగు తిరగేసి చూడకుండానే నేను చెప్పిన మాట మీద దాని కొత్త మోడల్ కొన్నవాళ్లలో సునీత ఒకతె. నందిగామ పిల్ల, మా ఊరి కోడలు. లారీలు తిరిగే రోడ్డు పక్కనే ఇల్లు. హైదరాబాద్ ఆఫీసు పని ఇంట్లోంచే చేసేది. ఒక శనివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మీ కంపెనీ గొప్పదేనక్కా. అరగంట పనిచేసి గంట పడుకుంటంది. మా ఆయన్ని చూసి నేర్చుకున్నట్టుంది."

నాకు నవ్వొచ్చింది. తను నవ్వలేదు.

"సోమవారం కూడా మధ్యలో ఆగిందంటే ఉద్యోగం మానెయ్యమన్నారు ఆఫీసువాళ్లు."

దుమ్మేగా అనుకుంటూ తిరగేశాను. మూత లేదు. ఒక స్క్రూ మీద కాగితపు సీలు అంటించి ఉంది. అది చిరిగితే వారంటీ, అంటే ఏడాదిలోపు చెడిపోతే ఊరికే బాగుచేస్తామని కంపెనీ ఇచ్చిన మాట, ఇక చెల్లదు. విజయవాడలో మాకు ఆ కంపెనీ పార్టులు పంపే డీలరుకు ఫోన్ చేశాను.

"పంపండమ్మా, మూడు వారాలు పడుతుంది. దుమ్ము వల్లయితే మాత్రం వారంటీ వర్తించదు. దుమ్ములో వాడొద్దని కంపెనీ ముందే చెప్పింది."

"మా ఊళ్లో దుమ్ము లేని చోటు చూపించండి, ఈ పిల్లని అక్కడే కూర్చోబెడతా."

"నాతో అంటే ఏం లాభం? సీలు మీరు తీశారంటే మీకూ మాకూ ఇక పని ఉండదు."

మా ఆయన అప్పుడే భోజనానికొచ్చాడు. "వాళ్లతో మనకు తగువెందుకే, పంపించెయ్" అన్నాడు.

"పంపిస్తే సోమవారం ఈ పిల్ల పని నువ్వు చేస్తావా?"

సునీత సీలు వంక చూసింది. "వారంటీని నేనేమన్నా వండుకు తింటానా? తియ్యక్కా."

చింపాను. మిగతా స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాచారు. అడుగు పలక మొత్తం పైకి లేపుతుంటే ఒక ప్లాస్టిక్ కొక్కెం విరిగింది. బ్యాటరీని జిగురుతో అంటించేశారు. ఫ్యాను అందాలంటే మదర్‌బోర్డు, అంటే లోపలి అసలు పలక, మొత్తం బయటికి తియ్యాలి. ఫ్యాను రెక్కల మధ్య సిమెంటు ఉండలు కట్టింది. దుమ్ము మీద నాకు కోపం లేదు, అది మా ఊరిది. చెయ్యి పట్టకుండా కట్టిన ఆ పెట్టె మీదే ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ వీళ్ల తరఫున ఊరందరితో వాదించానే అనిపించింది.

బ్రష్షుతో దులిపి, థర్మల్ పేస్ట్ కొత్తది పూశాను. చిప్పు వేడిని లాగి పక్కనున్న రాగి రేకుకు అందించే ముద్ద అది. సునీత షాపులోనే స్టూలు మీద కూర్చుని సాయంత్రం దాకా పని చేసుకుంది. ఒక్కసారీ ఆగలేదు.

తను వెళ్లాక డీలరుకు నేనే ఫోన్ చేశాను. "సీలు చింపానండి."

"ఇక మీకు పార్టులు రావు."

"రాకపోతే పాతవాటిల్లోంచి తీసుకుంటా. ఇక మీ సరుకు కొనమని నేనెవరికీ చెప్పను."

ఈ పనిలో నాకు తెలిసొచ్చింది ఇదీ. కొన్నాక విప్పడానికి వీల్లేదన్నారంటే వాళ్లు దాన్ని అమ్మలేదు, ఇంటికి తీసుకెళ్లనిచ్చారు, అంతే. అట్లాంటిదాన్ని నేను మెచ్చుకోను, దాని మీద ఎంత పాత అభిమానమున్నా సరే.

మర్నాడు పొద్దున్నే షట్టరు లేపి, వేరే కంపెనీల ల్యాప్‌టాప్‌లు తెస్తే సీలు ఉందని అంతకుముందు వెనక్కి పంపేసినవాళ్లకు వరసగా ఫోన్లు చేశాను. మొదట గరికపాడు ధాబా ఆయనకు.

"వారంటీ పోతుందన్నావు గదమ్మా" అన్నాడు.

"పోనివ్వండి. తీసుకురండి, విప్పుతా" అన్నాను.