అత్తకు మిగిలిపోయిన చర్మం

దుర్ముఖి నామ సంవత్సరం, వైశాఖం, శుక్రవారం. పొద్దున్నే వడగాలి. ఆదోనిలో నా అంగడి ముందు ఊడ్చి నీళ్ళు చల్లాను. తాళం తీస్తుండగా ఎమ్మిగనూరు బస్సు దిగిన మా వీధివాడొకడు వచ్చి, "మీ మేనత్త పోయిందన్నా. జరమొచ్చి మూడు దినాలు. ఆదోనికి కబురు పంపనీలేదు" అన్నాడు.

పంపనివ్వలేదు. నాకు ముందు దుఃఖం రాలేదు, విసుగు వచ్చింది.

ఆమెను ఎరగనివారికి చెబుతున్నాను. మా నాన్నకు అక్క. పిల్లలు లేరు. మొగుడు పోయాక ఎమ్మిగనూరులో మా ఇంటికే వచ్చి, ఆయన మగ్గం మీద తానే కూర్చుని చీరలు నేసి, ఒకరి చేతికింద అన్నం తినకుండా బతికింది. భారీ మనిషి. చక్కెర వ్యాధి అని తేలినప్పుడు డాక్టరు, ఒళ్ళు తగ్గించుకోకపోతే కష్టమన్నాడు. ఆ పూట నుంచి కష్టం మాకు మొదలైంది. తను వరన్నం మానింది, మా చేతా మాన్పించింది. పండగనాడు బెల్లం ఓళిగలు చేసి పొరుగింటికి పంపి, మాకు కొర్రన్నం, ఉలవకట్టు పెట్టింది.

"అత్తా, నాకేం రోగం?" అన్నాను.

"వస్తాది లే, తొందరేముంది?" అంది.

రెండేళ్ళలో సగం మనిషైంది. చర్మం మాత్రం తగ్గలేదు. దూది తీసేసిన పరుపు గలేబులా పొట్ట కింద నుంచి తొడల మీదికి వేలాడింది. ఎండాకాలం ఆ మడతల్లో ఒరుసుకుని పుండ్లు పడేవి. పాత పంచె చించి, పైకెత్తి కట్టుకునేది. గుంటలో కాళ్ళు పెట్టి మగ్గం ముందు కూర్చుంటే, నేసిన బట్ట చుట్టుకునే దుంగకూ తొడలకూ మధ్య ఆ చర్మం నలిగేది. చీర మీద నెత్తురు మరక పడిన రోజున నాన్న మగ్గం ఆపమన్నాడు.

"నూలు కండెలు సుట్టుకుంటా కూసో అక్కా. అన్నం పెట్టనంటినా?"

"అన్నం పెడతావు సరే. నా మగ్గం మీద ఎవురిని కూసోబెడతావు?"



మద్రాసులో అలాంటి చర్మాన్ని కోసి కుడతారని ఎవరో చెప్పారు. ఇంట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కోగలిగింది నేనొక్కణ్ణే కనుక తోడు నేనే వెళ్ళాల్సి వచ్చింది. ఆ ముక్కలు కూడా ఆమె పుణ్యమే. నేను రాత్రిపూట అక్షరాలు దిద్దుకుంటుంటే నూనె దండగని నాన్న అనేవాడు. "అది నా వాటా నూనె" అని ఆమె లాంతరు నా వైపు జరిపేది. కానీ ఆ రైలు ప్రయాణంలో మాత్రం చదువుకున్నందుకు పశ్చాత్తాపపడ్డాను. ఎదుటి సీట్లో ఎవరు పెరుగన్నం మూట విప్పినా అత్త ప్రసంగం మొదలుపెట్టేది.

ఆసుపత్రిలో డాక్టరు చాలాసేపు చూసి, చక్కెర ఉన్న మనిషికి కుట్లు మానకపోతే ప్రాణానికే ముప్పనీ, అందం కోసమైతే వద్దనీ ఇంగ్లీషులో అన్నాడు. ఆ మాటే ఆమెకు చెప్పాను.

"అందమా! ఈ వయసులో నాకు అందమేందిరా? ఎక్కువైన గుడ్డను దర్జీ కోసి కుట్టల్యా? ఈయప్పకు సేతకాదా? అడుగు."

నేను అడగలేదు. చాలా బాధగా ఉందంటోందని చెప్పాను. పక్కనున్న నెల్లూరు నర్సు ఉన్నదున్నట్టు చెప్పేసింది. డాక్టరు నవ్వి, మగ్గం సంగతి అడిగి తెలుసుకున్నాడు. చక్కెర అదుపులోకి వచ్చాక కోస్తానన్నాడు. కోశాడు. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కుట్లు.

మూడు నెలలు గుంటలోకి దిగొద్దన్నారు. రెండో నెలలోనే దిగింది. ఒకచోట కుట్టు విచ్చింది. పెద్దవాళ్ళ ముందు గొంతెత్తని నేను ఆ రోజు అరిచాను. "మద్రాసు దాకా నిన్ను మోసుకుపోయింది ఇందుకేనా?"

"నువ్వు మోసినావా? రైలు మోసింది. ఆ దూది ఇట్లియ్యి."

ఎలాగో మానింది. అప్పటి నుంచి వీధిలో ఆడవాళ్ళందరినీ లోపలికి పిలిచి మచ్చ చూపించేది. ఎవరైనా లావుపాటి ఆవిడ "నాకూ కోయించు వదినా" అంటే, "కొవ్వును కోయరు తల్లీ, మిగిలిన తోలును కోస్తారు. ముందు నోరు కట్టుకో పో" అనేది. మా ఇంటికి చుట్టాలు రావడం తగ్గింది. ఆమె మాత్రం నాలుగేళ్ళు నేసింది. జరం వచ్చిన రోజు కూడా నేసిందట.

ఆ కబురు విని ఎమ్మిగనూరు వచ్చాను. నిన్నటితో దినాలు అయిపోయాయి. ఆగిన చీర పూర్తి చేద్దామని ఈ పొద్దున నాన్న ఆమె మగ్గం దగ్గరికి వెళ్ళాడు. ఒళ్ళు తగ్గాక ఆమె గుంట అంచులకు నాపరాళ్ళు నిలబెట్టించి, తనకు సరిపడా ఇరుకు చేయించుకుంది. నాన్న పొట్టకు అది చాలలేదు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట, మధ్యలో ఇరుక్కుని, "కూసోనీదే! సచ్చినాంక కూడా కూసోనీదే!" అన్నాడు. తిడుతున్నాడనుకున్నాను. భుజాలు అదురుతున్నాయి.

నేను గడ్డపార తెచ్చాను.

"రాయి తియ్యొద్దురా" అన్నాడు. పక్కకు ఒత్తిగిలి, చెయ్యి చాచి, పోగు నడిపే నాడె అందుకున్నాడు. అందులో నూలు అయిపోయింది. నేను కొత్త కండె తెచ్చి నాడెలో పెట్టి ఇచ్చాను.