వంటావార్పు మధ్య ఎనిమిది సిలిండర్ల కారు

పాత అమెరికన్ కారును విజయవాడ రహదారి మీదికి తీయదలచినవారికి ఉపయోగపడగలదని ఈ అనుభవాన్ని రాస్తున్నాను. చంపాపేటలో నాకొక మరమ్మతు షెడ్డు ఉన్నది. పగలు స్పానరు, సాయంత్రం కళాశాల పుస్తకం పట్టుకుని, నలభై దాటిన తరువాత పట్టా పొందినవాణ్ణి. కనుక చేసిన పనికి కారణం చెప్పలేకపోవడం నాకు నచ్చదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడుపుతున్న ప్రసాద్ గారు గుడివాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. ఆయన వద్ద రెండు తలుపుల పాత అమెరికన్ కారు ఒకటి ఉన్నది. దాని ఇంజన్ వి-ఎయిట్, అనగా రెండు వరుసలలో నాలుగేసి సిలిండర్లు. దానిని విప్పి, రింగులు, బేరింగులు మార్చి, గేరుబాక్సు నుంచి వెనుక చక్రాలకు శక్తిని చేర్చే షాఫ్టుకు కొత్త క్రాసులు, అనగా కీళ్ళు, వేసి, ఒక వేసవి అంతా శ్రమించి నిలబెట్టాను. అయినా ఒక రోగం మిగిలిపోయింది. ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలిస్తే చాలు, ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోయేది. చల్లారితే గానీ మళ్ళీ లేచేది కాదు.

ప్రసాద్ గారు విసిగిపోయారు. పెద్ద అంబర్‌పేటలో ఒక గ్యారేజీవారు వ్యాను డీజిల్ ఇంజన్ ఒకటి ఆయన కోసం సిద్ధంగా ఉంచారు. "చివరిగా ఒక్క అవకాశం యాదగిరి గారూ," అన్నారు. "ఆదివారం మా ఇంటి దగ్గర బయలుదేరి అక్కడిదాకా వెళ్దాం. దారిలో ఆగకపోతే ఈ ఇంజనే ఉంచుతాను. ఆగిందనుకోండి, అక్కడే దించేసి డీజిల్ ఎక్కించేద్దాం." నేను సమ్మతించాను. అసలు ఇంజన్ తీసేసిన తరువాత అది అమెరికన్ కారుగా మిగలదు. నిలువెత్తు మనిషికి అరువు తెచ్చిన గొంతు పెట్టినట్టు ఉంటుంది.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులు. బంకులు ఎప్పుడు మూసేస్తారో తెలియదు గనుక ముందురోజు సాయంత్రమే వెయ్యి రూపాయల పెట్రోలు పోయించాము. ఇటువంటి ఇంజన్ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే సంతోషించాలి. వెళ్ళవలసిన దూరం పదహారు కిలోమీటర్లకు మించదు. ఉదయం పదకొండుకు బయలుదేరి చైతన్యపురి దాటాము. కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు లారీల మధ్య నెమ్మదిగా కదలవలసి వచ్చినా ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే నిలిచింది. కారుకు స్టీరింగ్ ఎడమవైపు ఉండడం వల్ల ఓవర్‌టేక్ చేయడానికి కుడివైపు కూర్చున్న ప్రసాద్ గారే దారి చూసి చెప్పవలసి వచ్చేది. ఇది ప్రయాణికులు గుర్తుంచుకోవలసిన విషయం.

ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర దారి మూసుకుపోయింది. రహదారికి అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు జరుపుతున్నారు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని నిరసన తెలపడం ఆ రోజులలో పరిపాటి. మెడలో కండువా వేసుకున్న ఒకాయన ప్రసాద్ గారి కిటికీ దగ్గరకు వచ్చాడు. ఆయన పేరు మల్లేశ్ అనీ, లారీ నడుపుతాడనీ తరువాత తెలిసింది.

"డ్రైవరన్నా, బండి బంద్ జెయ్. రెండింటిదాంక కదలదు."

ప్రసాద్ గారు ఖాళీ చేతులు రెండూ ఎత్తి చూపారు.

"ఏందిది, స్టీరింగ్ యాడ బోయింది?"

"ఎడమ దిక్కున్నదన్నా, అమెరికా బండి," అన్నాను.

మల్లేశ్ వంగి నన్నొకసారి, ఆయననొకసారి చూశాడు. "మన కథ గిట్లనే ఉన్నది. డ్రైవర్ సీట్ల కూసున్నది ఒకరు, తిప్పేది ఇంకొకరు."

ప్రసాద్ గారు నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశారు. అది గమనించి మల్లేశే అన్నాడు, "పరేషాన్ గాకు సార్. బండి పక్కకు వెట్టి బువ్వ తిందురు రాండ్రి."

కారును ఒక పొయ్యి దాటించి పక్కకు తీశాను గానీ ఇంజన్ ఆపలేదు. నిలిచి ఉన్నప్పుడు ఆగదని నిరూపించడానికే కదా వచ్చాము. అయిదు నిమిషాలు బాగానే తిరిగింది. ఇంతలో వెనుక పొయ్యి దగ్గర అన్నం వార్చుతున్న సత్తెమ్మ అనే ఆమె గరిటెతో కారు మీద తట్టింది.

"ఓ తమ్మీ, నీ బండి బూడిదంత లేపి మా బువ్వల పోస్తున్నది. జర ఆపు."

"ఆపితే మళ్ళ లేస్తదో లేదో అక్కా."

"గట్లయితే గీ గొట్టం మూయి. అవుతలి గొట్టం జూడు, ఎంత బుద్ధిగున్నదో. గాలి లేదు, సప్పుడు లేదు."

ఆ మాట విని దిగి వెనుకకు వెళ్ళాను. ఈ కారుకు ఒక్కొక్క సిలిండర్ల వరుసకు ఒక్కొక్క పొగగొట్టం. ఎడమ గొట్టం ముందు పెట్టిన అరచేయి వెంటనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కుడి గొట్టం దగ్గర ఊదీ ఊదనట్టు చిన్న ఆవిరి మాత్రమే ఉన్నది. నేను అక్కడ వంగి ఉండగానే ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ప్రసాద్ గారు కిందికి దిగారు. "ఇక చాలండీ. దారి తెరిచాక ఎవరి బండికైనా తాడుతో టోచన్ కట్టించుకుని వెళ్ళిపోదాం. ఇది లెక్కలోకి వస్తుంది కదా?"

"వస్తుంది సార్, నేను కాదనను," అన్నాను. "అయితే దారి తెరిచేవరకు ఈ సమయం నాది."

అంతవరకు నేను ఈ రోగాన్ని పెట్రోలు వైపే వెతికాను. పంపు మార్చాను, కార్బురేటర్ విప్పాను, పైపులకు నారగుడ్డ చుట్టాను. పొగ వెళ్ళే దారిని చూడలేదు. కుడి వరుస పొగ తన గొట్టం గుండా వెళ్ళడం లేదంటే, ఇంజన్‌ను అడ్డంగా దాటి ఎడమవైపు నుంచి వెళుతున్నదన్న మాట. ఆ అడ్డదారి సరిగ్గా కార్బురేటర్ కింద ఉంటుంది. మంచు కురిసే దేశంలో పొద్దున్నే పెట్రోలును వెచ్చబెట్టడానికి కుడి గొట్టం మొదట్లో ఒక రేకు తలుపు అమర్చుతారు. ఇంజన్ వేడెక్కగానే అది తనంతట తాను తెరుచుకోవాలి. ఇక్కడ అది తుప్పుపట్టి, మూసుకుని బిగిసిపోయింది. అందువల్ల నిలిచినప్పుడల్లా కార్బురేటర్ కింద పొయ్యి వెలిగినట్టై, అందులోని పెట్రోలు మరిగి ఇంజన్ ఆగిపోతున్నది.

మల్లేశ్ బిందె ఎత్తాడు. "నీళ్ళు గుమ్మరిస్తే సల్లవడదా?"

"వద్దన్నా, పోత ఇనుము. పగిలిపోతది. దానంతట అదే సల్లారాలె."

కనుక ముందు భోజనం చేశాము. విస్తరాకులో అన్నం, పప్పుచారు, వంకాయ కూర. డబ్బు ఎవరూ అడగలేదు, ఇవ్వబోతే తీసుకోలేదు. ప్రసాద్ గారు రెండోసారి చారు పోయించుకున్నారు. సత్తెమ్మ పోస్తూ అన్నది, "మీ దిక్కు ఇంత కంటె పులుపు తింటరు గద సార్?"

"తింటామండీ. కానీ ఈ ఎండలో ఇదే హాయిగా ఉంది."

"గట్లయితే ఇంట్ల అమ్మగారికి జెప్పుండ్రి, చింతపండు తగ్గియ్యమని."

"మీరే వచ్చి చెప్పండి. నాకంత ధైర్యం లేదు," అన్నారు ప్రసాద్ గారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు.

ఇనుము చేతికి ఓర్చుకోగలిగినంత చల్లారాక, పొయ్యిలకు తెచ్చిన కిరోసిన్‌లో కొంత అడిగి, కారు కిందికి దూరి ఆ తలుపు కడ్డీ మీద పోశాను. వేడిగా ఉండగా ఈ పని ఎన్నడూ చేయరాదు. చిన్న సుత్తితో కడ్డీని అటూ ఇటూ తట్టాను. చాలాసేపు కదలలేదు. తరువాత వెంట్రుకవాసి కదిలింది. ఆపైన పట్టకారుతో తిప్పగా పూర్తిగా తెరుచుకున్నది. జెండా కర్రలు కట్టిన ఇనుప తీగ ముక్క మల్లేశ్ ఇస్తే, దానితో తలుపును తెరిచిన స్థితిలోనే బిగించి కట్టాను. మన ఊరి వాతావరణానికి అది మూసుకోవలసిన అవసరం ఏ కాలంలోనూ లేదు.

రెండు గంటలకు పొయ్యిలు తీశారు. వెనుక లారీలు హారన్లు మొదలుపెట్టాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి తాళం తిప్పాను. మూడోసారికి ఇంజన్ లేచింది. ఈసారి రెండు గొట్టాలూ బూడిద లేపాయి. "ఇగ రెండు ముక్కులు తెరుసుకున్నయ్," అన్నది సత్తెమ్మ, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంటూ.

వనస్థలిపురం, హయత్‌నగర్ దాటి పెద్ద అంబర్‌పేట చేరడానికి ముప్పావు గంట పట్టింది. గ్యారేజీ ముందు ఎండలో, ఇంజన్ ఆపకుండా కారును నిలిపాను. టీ తెప్పించుకున్నాము. ఒక టీ అయింది, రెండోది అయింది. ఇంజన్ శ్రుతి తప్పలేదు. గ్యారేజీ యజమాని చేతులు తుడుచుకుంటూ వచ్చి, "దించమంటరా సార్?" అని అడిగాడు.

ప్రసాద్ గారు కారు వెనుకకు నడిచారు. తెల్ల చొక్కాతోనే వంగి ఒక గొట్టం ముందు, తరువాత రెండో గొట్టం ముందు అరచేయి పెట్టి చూశారు. మసి అంటిన చేతితోనే లేచి, "మీ ఇంజన్ ఇంకెవరికైనా ఇచ్చేయండి," అన్నారు.

"దారిలో ఒకసారి ఆగింది సార్," అని నేనే గుర్తుచేశాను. మాట మాటే కదా.

"ఇదొక్కటే ఆగిందా యాదగిరి గారూ? హైవే మొత్తం ఆగింది. పదండి, చీకటి పడకముందే ఇల్లు చేరుదాం. ఈసారి నేను నడుపుతాను."

తిరుగు ప్రయాణంలో కుడి సీటులో కూర్చుని ఆయనకు దారి చెబుతూ వచ్చాను. అన్ని రిపేర్లు షెడ్డులో, వెనుక గొట్టాలు గోడకేసి పెట్టుకుని చేసినవాడిని. ఆ గొట్టాలు ఒక పొయ్యి వైపు తిరిగి గంటల తరబడి నిలబడవలసి రావడం వల్లనే ఆ కారు సంగతి నాకు పూర్తిగా తెలిసింది. ఆలస్యమని ఆనాడు విసుక్కున్నవారు ఎందరో ఉంటారు. నాకు మాత్రం ఆ ఆలస్యమే ఆ ఇంజన్‌ను దక్కించింది. ఇప్పటికీ ఎల్బీ నగర్ చౌరస్తా దాటుతుంటే నాకు పప్పుచారు వాసన గుర్తుకు వస్తుంది.

పాఠకులకు ఒక సూచన. రెండు పొగగొట్టాల పాత కారును బయటికి తీసేముందు ఇంజన్‌ను పది నిమిషాలు నడిపి, కాస్త ఎడంగా రెండు గొట్టాల వెనుకా చేయి పెట్టి చూడండి. రెండూ సమానంగా ఊదితేనే బయలుదేరండి.