ఖాళీ పేజీకి అడ్డగీత

బాయిలర్ కాకా పోయాడన్న కబురు వచ్చిన పూట నేను సంగారెడ్డిలో ఒక కాలేజీలో ఆయన గురించే చెప్తున్నాను. రోజూ రాసే అలవాటు మీద పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. "నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఒక్కరోజు తప్పకుండా నోట్‌బుక్ ముందు కూర్చుని రాస్తారు. మరి మీకేం అడ్డం?" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. స్టేజీ దిగి ఫోన్ చూసుకుంటే పాత కంపెనీ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో, దాని కింద వరసగా దండాల బొమ్మలు. తెల్లవారుజామున పోయాడట. నేను "ఉన్నారు" అని గొప్పగా చెప్పేసరికే ఆయన లేడు.

అది తెలియక చెప్పిన మాట, దానికి ఎవరూ నన్ను తప్పుపట్టరు. ఆయన విషయంలో నేను తెలిసి, శ్రద్ధగా, రెండు ఆదివారాలు కూర్చుని చేసిన తప్పు ఒకటుంది. ఈ నాలుగు పేజీలు దాని కోసం రాస్తున్నాను.

మా నాన్న గోదావరి వైపు నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి పటాన్‌చెరు దగ్గర ఉండిపోయారు. నేను ఇక్కడే పుట్టాను. ఎమ్మెస్సీ చదివి జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో చేరాను. నా పని మందులు చేయడం కాదు, కాగితాలు చూడడం. మందుల కంపెనీలో మనుషుల కన్నా కాగితాలకు మర్యాద ఎక్కువ. ఎవరు ఏ అంకె రాయాలన్నా, రాసిన దాన్ని దిద్దాలన్నా ఒక పద్ధతి ఉంటుంది. ఆ పద్ధతి తప్పకుండా చూడడానికి నాకు జీతం ఇచ్చేవారు. రోజూ ఉదయం బాయిలర్ గదికి వెళ్ళి, గంటగంటకూ ఆవిరి ప్రెషర్ రాసే షీటు తెచ్చుకునేదాన్ని.

చేరిన రెండో వారంలో ఆ షీటు చివర, రిమార్కులు రాసే గడిలో ఇలా కనబడింది: "ఇయ్యాల మబ్బు పట్టింది. బొగ్గు తడుస్తదో ఏమో. నాకైతే వాన రావాలని ఉంది."

షీటు పట్టుకుని ఎగిరెగిరిపడుతూ వెళ్ళాను. అక్కడ యాభై దాటిన మనిషి, తాడు కట్టిన కళ్ళజోడు పెట్టుకుని మీటరు చూస్తున్నాడు. అందరూ ఆయన్ని కాకా అనేవాళ్ళు. నేను మా ఇంటి అలవాటు కొద్దీ "బాబాయి గారూ" అన్నాను. బొగ్గు తోసే వాళ్ళు పక్కకు తిరిగి నవ్వుకున్నారు.

"ఇక్కడ బాయిలర్ సంగతులే రాయాలండీ" అన్నాను.

"మరి నా సంగతులు ఏడ రాయాలె బిడ్డా? గంటకోసారి బాయిలర్ ఏమంటుందో రాస్తున్న. నేనేమంటున్ననో ఎవరు రాయాలె?"

ఉద్యోగం కొత్త కాబట్టి జవాబు బదులు రూలు చెప్పాను. తప్పు మీద ఒకే ఒక గీత కొట్టాలి, కింది మాట చదవడానికి వీలుండాలి, పక్కన సంతకం, తారీఖు. చెరపకూడదు, తెల్ల ఇంకు పూయకూడదు. షీటులో ఖాళీ మిగిలితే కింది మూల నుంచి పై మూలకు అడ్డగీత గీసి సంతకం పెట్టాలి.

"ఖాళీగ ఇడిస్తే ఏమైతది?" అన్నాడు.

"తర్వాత ఎవరైనా వచ్చి ఏదైనా రాసేయొచ్చు. గీత పడితే ఇక అక్కడ ఎవరూ రాయడానికి లేదు."

"బందోబస్తు మంచిగనే ఉన్నది" అని, తన వాన మీద ఒక గీత కొట్టి సంతకం పెట్టాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి బల్ల మీద కొత్త లాంగ్ నోట్‌బుక్ ఉంది. "కాయితం నీది, పుస్తకం నాది. ఇగ లొల్లి లేదు" అన్నాడు. ఆ రోజు నుంచి షిఫ్టు దిగాక, కంపెనీ బస్సు కదలడానికి ముందు ఉండే అరగంటలో ఒక పేజీ రాసేవాడు. దానికి ముందు సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడిగేవాడు. రుమాలులో చుట్టి దాచిన పెన్ను తీసేవాడు. టీ గ్లాసు వేడి పైపు మీద పెట్టి మర్చిపోయేవాడు. పేజీ నిండేదాకా ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. రాసింది ఎవరికీ చూపేవాడూ కాదు.

నేనూ రాస్తానని అప్పటికి కంపెనీలో ఎవరికీ తెలియదు. కాలేజీ రోజుల నుంచి కథలు పంపుతున్నాను, పోయినవి పోయినట్టే తిరిగొస్తున్నాయి. ఒకరోజు బస్సు ఆలస్యమైతే ధైర్యం చేసి ఒక పేజీ కాకాకు చదివి వినిపించాను. సాయంత్రం గురించి రాసింది. అందులో సంధ్యాకాంత ఉంది, అరుణారుణ వస్త్రాలు ఉన్నాయి. కాకా అంతా విని, లేచి, మీటరు అద్దం మీద వేలితో రెండుసార్లు తట్టాడు. ముల్లు కొంచెం కిందికి జారింది.

"సూసినవా? మొదలు సూపిచ్చింది తప్పు. ముల్లు ఒక్కోసారి పాత కాడనే పట్టుకోని ఉంటది. తట్టితే గని నిజం చెప్పదు. నీది గూడ గంతే. మొదలు వచ్చే మాట ఎవలదో ఉంటది బిడ్డా. తట్టి సూడు, ఎనక నుంచి నీది వస్తది."

నాకు రోషం వచ్చింది. వారం రోజులు మాట్లాడలేదు. అయినా ఇంటికి వెళ్ళి తట్టకుండా ఉండలేకపోయాను. సంధ్యాకాంత పోయింది, వస్త్రాలు పోయాయి. చివరికి ఇస్నాపూర్ చౌరస్తాలో కంపెనీ బస్సు కోసం నిలబడ్డ నేను మిగిలాను. మా అమ్మ అందరికీ నేను ల్యాబులో సైంటిస్టునని చెప్పుకుంటుంది. నేను కాగితాలు చూస్తానని తెలిసీ చెప్పుకుంటుంది. నేను కాదనను. అదే రాశాను. అచ్చయిన నా మొదటి కథ అది. ఇవాళ్టికీ పేజీ రాశాక బల్ల మీద వేలితో తట్టనిదే నాకు తోచదు. నాకంటూ ఒక గొంతు ఉందని ఎవరైనా అంటే, అది నాకు బాయిలర్ గదిలో దొరికింది.

కానీ అచ్చులో పేరు చూసుకున్నాక మనిషికి కొమ్ములు మొలుస్తాయి. నాకు రెండూ మొలిచాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే కాకా తన నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏడెనిమిది నెలల రాత. "ఎవలకూ సూపియ్యలె. నీకొక్కదానికే ఇస్తున్న. ఎట్లున్నదో చెప్పు" అన్నాడు.

ఎట్లున్నదో చెప్పమన్నాడు, అంతే. దిద్దమనలేదు.

అందులో వాళ్ళ అమ్మ పోయినప్పటి పేజీ ఒకటి నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "మా అవ్వ పోయిన తెల్లారి గూడ డ్యూటీకి వచ్చిన. బాయిలర్‌కు తెల్వదు గద అవ్వ పోయిందని. గంటగంటకు రీడింగ్ రాసిన. ఏడుపు రాలె. ఇంటికి పోయి చెప్పులు ఇడుస్తుంటే వచ్చింది."

మంచి రాత అని నాకు తెలుసు. తెలిసే ఎర్ర పెన్ను తీశాను. మా ఇంట్లో ఇక్కడి మాటను "వాళ్ళ భాష" అనేవాళ్ళం. ఇక్కడే పుట్టి, ఇక్కడి నీళ్ళు తాగి, వాళ్ళ భాష అనేవాళ్ళం. అది మాట్లాడుకోవడానికే గానీ రాయడానికి కాదని నాకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. రెండు ఆదివారాలు కూర్చున్నాను. "వచ్చిన" మీద గీత కొట్టి "వచ్చాను" అని రాశాను. "తెల్వదు గద" కొట్టి "తెలియదు కదా". అక్కడితో ఆగలేదు. "అవ్వ పోయిన" కొట్టి "అమ్మగారు పరమపదించిన" అని రాశాను. చెప్పులు విడిచే వాక్యం మొత్తం కొట్టేసి "గృహానికి చేరుకోగానే కన్నీరు ఉబికింది" అని పెట్టాను. ప్రతి దిద్దుబాటు పక్కనా పొట్టి సంతకం, తారీఖు. చేతికి అలవాటైన పద్ధతి కదా. చెప్పులు నాకు ఎందుకు అడ్డమొచ్చాయో ఇప్పుడు ఎంత ఆలోచించినా తట్టదు. సంధ్యాకాంతను నా కథ నుంచి వెళ్ళగొట్టిన మనిషి పుస్తకంలోకి నేనే ఆమెను తీసుకెళ్ళి కూర్చోబెట్టాను.

"ఇలా శుభ్రం చేస్తే పత్రికకు కూడా పంపొచ్చు కాకా" అని నోట్‌బుక్ తిరిగి ఇచ్చాను.

ఆయన నిలబడే నాలుగైదు పేజీలు తిప్పాడు. అవ్వ పేజీ దగ్గర కొంచెంసేపు ఆగాడు. "మంచిగ దిద్దినవ్ బిడ్డా. ఇప్పుడు సదువుతుంటే వేరే ఎవరో పెద్దమనిషి రాసినట్టున్నది" అన్నాడు.

నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. ఇంటికి వెళ్ళి అమ్మకు కూడా చెప్పాను.

తర్వాత కొన్ని నెలలకు నేను వేరే కంపెనీకి మారాను. కథలు పుస్తకమయ్యాయి, ఆయనకు ఒక కాపీ పంపాను. కలిసింది మాత్రం ఒక్కసారే, ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడి దగ్గర. ఆయన అప్పటికి రిటైరయ్యాడు. కొబ్బరి ముక్క నా చేతిలో పెట్టి, నా పుస్తకంలో బస్సు కథ తనకు బాగా నచ్చిందన్నాడు.

"మీరు రాస్తున్నారా కాకా?" అని అడిగాను.

"రోజు కూసుంటున్న బిడ్డా. ఒక్క రోజు గూడ తప్పలె."

ఆ మాట నేను ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. ఆయన కూర్చుంటున్నానన్నాడు. రాస్తున్నారని నేను చెప్పుకుంటూ తిరిగాను.

దినాల నాడు గుమ్మడిదల దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళాను. భోజనాలయ్యాక ఆయన కూతురు నన్ను లోపలి అర్రలోకి పిలిచింది. ఆమె కూడా ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. తువ్వాలలో చుట్టిన నోట్‌బుక్ నా ముందు పెట్టింది. చూడగానే గుర్తుపట్టాను.

"నీలంది నాయిన రాసిండు మేడం. ఈ ఎర్రది ఎవరు రాసిన్రో తెల్వదు. పక్కన సంతకం ఉన్నది గని నాకు సదవస్తలేదు."

ఒక్క క్షణం ఊరుకుందామనిపించింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు.

"నాదే" అన్నాను.

ఆమె నొచ్చుకోలేదు. నొచ్చుకుంటే బాగుండేది. "మంచిగనే ఉన్నది మేడం. కాని నేను కిందిదే సదువుకుంటున్న. పైది సదివితే నాయిన గొంతు ఇనబడ్తలేదు" అంది. అవ్వ పేజీ తీసి, ఎర్రమాటల్ని తప్పించుకుంటూ, గీతల కిందవి ఒక్కొక్కటే కూడబలుక్కుని నాకు చదివి వినిపించింది. చెప్పుల దాకా వచ్చి ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఒక్కటే గీత కొట్టాలన్న రూలు ఉండబట్టి ఆ మాటలు ఇంకా బతికి ఉన్నాయి. అందులో నా మంచితనం ఏమీ లేదు. ఈ నాలుగు పేజీల్లో కూడా నేను "వచ్చాను" అనే రాస్తున్నాను. అది నా ఇంటి మాట, నాకు వేరేది లేదు. నా మాటలో నేను రాసుకుంటే ఎవరికీ నష్టం లేదు. దాన్ని తీసుకెళ్ళి ఆయన మాట నెత్తిన కూర్చోబెట్టాను.

ఎర్ర గీతలు అయిపోయాక ఆ నోట్‌బుక్‌లో ఇంకో మూడు పేజీలు ఉన్నాయి. "నేను ఈ రోజు విధులకు వచ్చాను. బాయిలర్ బాగుంది. సాయంత్రం తిరిగి వెళ్ళాను." మూడు పేజీలూ అంతే. షీటులో అంకెల లాగా ఉన్నాయి.

"ఇవి గూడ ఉన్నయి మేడం" అని ఆమె మంచం కింద నుంచి ఒక సంచి లాగింది. సంచి నిండా నోట్‌బుక్కులు. "కడదాక కూసున్నడు. చేతులు కడుక్కోని, పెన్ను తీసుకోని. ఆస్పత్రికి తోల్కపోయే ముందటి రోజు గూడ కూసున్నడు. రాసేటప్పుడు దగ్గరికి పోతే కోపం చేస్తుండె. అందుకని మేము ఎన్నడూ తెరిచి సూడలె."

ఆ సంచిని చూసి నా గుండె మీద బరువు దిగినట్టయింది. నా వల్ల ఆగిపోలేదు, ఇన్నేళ్ళూ రాశాడు అనుకున్నాను. చెప్పొద్దూ, సంతోషం పట్టలేకపోయాను. పైనున్నది తీసి తెరిచాను.

పేజీ పైన తారీఖు ఉంది. కింద ఒక్క మాట లేదు. పేజీ తిప్పాను, ఇంకో తారీఖు. ఇంకో నోట్‌బుక్ తీశాను, ఇంకోటి తీశాను. రోజుకో పేజీ, ఒక్క రోజు కూడా తప్పలేదు.

"ఇదేం గీత మేడం?" అని ఆమె నా భుజం మీదుగా వంగి అడిగింది.

చెప్పాను. ఖాళీగా వదిలిన చోట ఇక ఎవరూ ఏమీ రాయడానికి లేదని పెట్టే గీత అని చెప్పాను. ఎవరు నేర్పారో కూడా చెప్పాను. ఆమెను బయట ఎవరో పిలిస్తే వెళ్ళింది.

నోట్‌బుక్ నా ఒళ్ళోనే ఉండిపోయింది. గీత కింది మూల నుంచి పై మూలకు ఎక్కడా వంకర లేకుండా పోయింది. చివర సంతకం, పక్కన తారీఖు. అంతా నేను నేర్పినట్టే ఉంది.