తాలు విమానం

మొన్న మా ఇంటికి కొత్త ఫ్రిజ్ దిగింది. తెచ్చిన కుర్రాళ్ళు అట్టపెట్టె విప్పి, మూలల్లో ఇరికించిన తెల్లటి థర్మాకోల్ ముక్కల్ని లాగి గుమ్మం పక్కన పడేస్తుంటే, ఆ కీచుమనే చప్పుడుకి మా ఆయన పళ్ళు జివ్వుమని చెవులు మూసుకున్నారు గానీ, నేను మాత్రం ఒక ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొత్త బొమ్మ పెట్టె తెరిచినప్పటి వాసన, ఎండలో మరిచిపోయిన ప్లాస్టిక్కు వాసన, రెండూ కలిసిన వాసన అది. ఆయనేమో ఫ్రిజ్‌లో దీపం వెలిగింది రా, చూద్దువుగాని అని పిలుస్తున్నారు. నేను అప్పటికే, కోసిన వరిమడిలో, కాళ్ళకింద మోళ్ళు గుచ్చుకుంటుంటే, నోరు తెరుచుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడి ఉన్నాను.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన రోజులవి. మా ఇల్లు నర్సీపట్నం చివర, కొయ్యూరు కొండలు నీలంగా కనపడే వైపు ఉండేది. వేసవి వచ్చిందంటే అరుగు మీద మామిడి ముక్కలు ఎండేవి, ఎవరింట్లోనో జీడిపిక్కలు కాలుస్తున్న పొగ వచ్చి కళ్ళు మండేవి, మధ్యాహ్నం కరెంటు పోగానే వీధి వీధంతా తాటాకు విసనకర్రల చప్పుడొక్కటే వినపడేది. చెరకు తోలకం అయిపోయి నాన్న బండి ఖాళీగా ఉండేది, ఎద్దులు రెండూ, నుదుట చుక్క ఉన్న సుక్కోడూ, తెల్లటి మల్లిగోడూ, చింతచెట్టు నీడన పడుకుని ప్రపంచంతో పని లేనట్టు నెమరేసేవి. ఆ సెలవలకే కృష్ణదేవిపేట నుంచి మా మేనత్త కొడుకు అప్పలరాజు బావ షేరాటో దిగేవాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఏటికొప్పాక బొంగరమైనా, గోళీలైనా, పిక్కలాటైనా గెలుపు వాడిదే, గెలిచాక వారం రోజులు చెప్పుకోవడమూ వాడిదే. పక్కింటి నూకరత్నం, నేను ఒక జట్టు. మా జట్టు పని ఓడిపోవడం, ఓడాక మూతి ముడుచుకోవడం.

ఆ ఏడాది వైజాగులో బొమ్మల కొట్లో పనిచేసే మా మావయ్య, అమ్మ తమ్ముడు, అమ్మవారి పండగకి వస్తూ బస్సు టాపు మీద మూడు పెద్ద డబ్బాలు వేసుకొచ్చాడు. గోదాములో వాన నీళ్ళు దిగి అట్టలు ఉబ్బిపోయాయట, ఇక ఎవరూ కొనరని షావుకారు ఇచ్చేశాడట. విప్పితే థర్మాకోల్ విమానాలు! తోలు బొమ్మల్లా గోడకి వేలాడదీసేవి కావు, రిమోట్‌తో నిజంగా ఎగిరేవి. మేమైతే కాసేపు ముట్టుకోలేదు, ముట్టుకుంటే మావయ్య వెనక్కి పట్టుకుపోతాడేమోనని.

చాప మీద మూడూ వరసగా పెట్టారు. ఒకటి వెండి రంగుది, రెక్కలు పొట్ట కింద, మూతికి సొరచేప పళ్ళు. ఒకటి ఎర్రది, ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలు. మూడోది పసుపుపచ్చది, లావు పొట్ట, పొట్ట మీద ఒకటే పొడుగాటి రెక్క, పెళ్ళిభోజనానికి కూర్చున్న పెద్దమనిషిలా ఉంది. బావ చెయ్యి అప్పుడే వెండిదాని మీద ఉంది. అంతలో మావయ్య వాడి చెయ్యి తీసేసి అన్నాడు.

"సిన్నపిల్ల ముందు తీసుకోవాలి. సత్తీ, నీకేది కావాలో సూసుకో. రెండు యుద్ధానికి, మిగిలింది ఇడిభాగాలకి."

నూకరత్నం నా తొడ మీద గిల్లింది. వెండిది, వెండిది అని దాని అర్థం. నా మనసూ అటే లాగింది. కానీ మావయ్య మోటారు లేకుండా ఒకసారి విసిరి చూడండి, అప్పుడు తెలుస్తుంది దాని గుణం అన్నాడు. గడ్డివాము వైపు తిరిగి విసిరాం. వెండిది మూతి ముందుకు పెట్టుకుని రాయిలా పడింది. ఎర్రది పక్కకి ఒరిగి బాదం చెట్టుకి కొట్టుకుంది. పసుపుపచ్చది మాత్రం ఏ తొందరా లేకుండా, ఎవరో చేత్తో మోసుకెళుతున్నట్టు, గడ్డివాము దాటి, పేడకుప్ప దాటి, బీరపందిరి మీద మెల్లగా కూర్చుంది. అరుగు మీద చోళ్ళు చెరుగుతున్న మామ్మ చాట ఆపి చూసింది.

"ఓలమ్మ, తాలులాగ పోతందే!"

తాలంటే గింజలేని పొట్టు. మా ఇళ్ళలో ఎవరినైనా తాలు అన్నారంటే తిట్టే. బావకి అంతకన్నా ఏం కావాలి? ఎగిరి గంతేశాడు. మామ్మ చాట మళ్ళీ ఆడిస్తూ అంది.

"గింజ సాటలో పడతాది, తాలు గాలికి ఎల్లిపోతాది. మీకు కావలిసింది తినడానికా, ఎగరడానికా?"

నేను బీరపందిరి ఎక్కి పసుపుపచ్చదాన్ని దింపుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. నూకరత్నం నెత్తి కొట్టుకుంది.

"తాలు గుంటకి తాలు ఇమానం!" అని బావ నన్ను వెక్కిరిస్తూ వెండిదాన్ని ఎత్తుకుని పెరడంతా తిరిగాడు.

"నీది గింజే కదా బావా. బేగి మొలకెత్తుతాది, మట్టిలో తలెట్టడమే ఆలీసం" అన్నాను. మావయ్య నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

యుద్ధం పద్ధతి ఇదీ. ఒక్కో విమానానికి అమ్మవారి పండగ తోరణాల్లో మిగిలిన రంగుకాగితం తోక కట్టాలి. ఎదుటివాళ్ళ తోక మన విమానంతో తెంపాలి. తోక తెగినవాళ్ళు ఓడినట్టు, గెలిచినవాళ్ళకి రెండు విమానాలూ. పండగ మర్నాడు బావ ఊరెళ్ళిపోతాడు. అంటే నేను ఓడితే నా పసుపుపచ్చది వాడి సంచిలో కృష్ణదేవిపేట వెళ్ళిపోతుంది. ఆ మాట అనుకున్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు.

కరెంటు ఉన్నంతసేపూ బ్యాటరీలు ఎక్కించడం, పోగానే మడిలోకి పరిగెత్తడం. బావ విమానం మొదటి రోజే మూతి నేలలో దిగేసింది. "గింజ నాటేవా బావా? నీళ్ళు ఎట్టమంటావా?" అంది నూకరత్నం. వాడి రెక్క విరిగింది. సైకిలు షాపుకి పరిగెత్తి పంచరు సొల్యూషను తెచ్చి అంటించాడు. అది అంటించడం మాట దేవుడెరుగు, థర్మాకోల్‌ని కొరికేసింది, మేం చూస్తుండగానే రెక్కలో అరచేతంత చిల్లు పడింది. వాడు ఊదుతాడు, విసురుతాడు, చిల్లు పెద్దదవుతుంది. చివరికి ఎర్రదాని రెక్కల్లో ఒకటి కోసి, గంజి పట్టించి, ప్లాస్టరు చుట్టి నిలబెట్టాడు. పట్టుదల మాత్రం వాడిదే.

నా కష్టం వేరు. విమానం నాకు వీపు చూపిస్తూ వెళ్ళినంతసేపూ బాగానే ఉండేది. ఎడమకి నొక్కితే ఎడమకి తిరిగేది. అది నావైపు మొహం తిప్పి వస్తుందా, నా బుర్ర కూడా తిరిగిపోయేది. ఎడమకి నొక్కితే నా కుడిచేతి వైపు పోయేది. కంగారుపడి ఇంకా నొక్కితే తుప్పల్లోకి. మావయ్య ఎన్ని రకాలుగా చెప్పినా ఆ సమయానికి చేతులు వినేవి కావు.

ఒక సాయంత్రం నాన్న బండి కట్టుకుని ఎదురుగా వస్తూ, "ఒలే సత్తీ, దాపటోడి తాడు సవరించు" అన్నాడు. నేను నేరుగా సుక్కోడి దగ్గరికి వెళ్ళి తాడు సవరించాను. సవరిస్తూ ఆగిపోయాను. కాడికి ఎడం వైపు కట్టేది దాపటెద్దు, కుడి వైపుది ఎలపటెద్దు. బండి ఎదురొచ్చినా, వీపు చూపించినా, ఏరు దాటుతున్నా సుక్కోడు దాపటే. అది నా చెయ్యి బట్టి మారే పక్క కాదు, ఎద్దు పక్క. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి బండి మీద తిరిగిన దాన్ని, ఇందులో నేనెప్పుడైనా తప్పానా?

పరిగెత్తుకెళ్ళి విమానం ఎడమ రెక్క మీద అమ్మ బొట్టుబిళ్ళ ఒకటి అంటించాను, రిమోట్ మీద ఎడమ పక్కనొకటి. ఇక ఎడమ లేదు, కుడి లేదు. సుక్కోడు, మల్లిగోడు. విమానం మీదకొస్తుంటే నాలో నేను సుక్కోణ్ణి లాగు అనుకునేదాన్ని, చెయ్యి దానంతటదే లాగేది. నూకరత్నం పక్కన నిలబడి "హై, హై" అని అదిలించేది, అచ్చం మా నాన్నలాగే.

పండగ రోజు బూరెలు, గారెలు తిని, జేబుల్లో ఇంకో రెండు కుక్కుకుని, ఎండ ఇంకా తగ్గకముందే మడిలోకి చేరాం. వీధి పిల్లలంతా గట్ల మీద కూర్చున్నారు. నా తోక ఆకుపచ్చ, బావది గులాబీ. నూకరత్నం పసుపుపచ్చదాన్ని విసిరింది. బావ విమానం కందిరీగలా లేచి నా విమానం మీంచి రెండుసార్లు దూసుకుపోయింది, రెండోసారి నా తోక చివర పేలిక తెగి ఎగిరింది. సగం తెగితే ఓటమి కాదు, పూర్తిగా తెగాలి అని మావయ్య కేకేశాడు.

వాడిది వేగం ఎక్కువ, మలుపు తిరగాలంటే ఊరంత చోటు కావాలి. నాది నెమ్మది, ఉన్నచోటే తిరుగుతుంది. వాడు మళ్ళీ నా మీదకి ఎదురుగా వచ్చాడు. "దాపటా, దాపటా!" అని నూకరత్నం అరుస్తోంది. సుక్కోణ్ణి లాగాను. పసుపుపచ్చది పక్కకి ఒరిగి దారిచ్చినట్టే ఇచ్చి, వాడు దాటగానే వెనక్కి తిరిగింది. దాని మూతి ముందు గులాబీ తోక రెపరెపలాడుతోంది. నేను ముందుకు తోశాను.

ఫట్‌మంది. గులాబీ కాగితం ముక్కలు ముక్కలై మడి మీద రాలింది.

నేను, నూకరత్నం ఒకరినొకరు పట్టుకుని గెంతడం మొదలెట్టాం. ఆ గెంతులోనే ఎవరో "సుడిగాలి!" అన్నారు. మడి మధ్యలోంచి దుమ్ము, గడ్డిపరకలు గిర్రున లేచాయి. పసుపుపచ్చది దాని అంచు తాకి ఒక్కసారి పైకి లేచింది. రిమోట్ నొక్కాను. వినలేదు. సుక్కోణ్ణి లాగాను, మల్లిగోణ్ణి లాగాను. అది ఎవరి మాటా వినకుండా, తూలకుండా, గుండ్రంగా తిరుగుతూ గద్దంత అయింది, పిచ్చుకంత అయింది, కొండల వైపు సాగిపోయింది.

అందరికంటే ముందు పరిగెత్తింది బావే. వాడి వెనక మేము. గట్లు, చెరకు మోళ్ళు, నీళ్ళెండిన గెడ్డ, జీడితోటలు. ముళ్ళు గుచ్చుకున్న కాళ్ళతో చీకటి పడేదాకా వెతికాం. తర్వాతి సంతకి కొండల నుంచి చింతపండు తెచ్చిన ఆడవాళ్ళని కూడా అడిగాను. ఎవరూ చూడలేదన్నారు.

ఇంటికొచ్చాక బావ వెండిదాన్ని నా చేతిలో పెట్టాడు. "ఒద్దు బావా" అన్నాను. "మాటంటే మాటే. గెలిసినోళ్ళకే" అని ముఖం తిప్పుకున్నాడు. వాడు ఊరెళ్ళిన సాయంత్రమే దాన్ని ఎగరేశాను. గింజ కదా, నాటుకుంది. మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు ఆ మడి లేదు, ప్లాట్లు కోసి తెల్లరాళ్ళు పాతారు. నాన్న ఎద్దుల్ని అమ్మేసి చాలా కాలమైంది, మామ్మ పోయింది, చాట చూసినవాళ్ళు మా వీధిలో తక్కువ. మా అబ్బాయి మొన్న పెళ్ళిలో డ్రోను చూసొచ్చి, సిగ్నలు పోయినా అదే వెనక్కి వచ్చేస్తుందమ్మా అని చెప్పాడు. దాపటంటే ఏ పక్కో వాడికి తెలియదు. నేను చెప్పబోతే ఫోను చూసుకుంటూ ఊకొట్టాడు.

బావ ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో టైలరు కొట్టు పెట్టుకున్నాడు. పండక్కో పబ్బానికో ఫోను చేస్తాడు. క్షేమసమాచారాలు తర్వాత. ముందు అడిగేది ఒకటే.

"ఒలే, దిగిందేటే?"

"నేదు బావా" అంటాను. "ఇంకా పైనే ఉంది."