ఏడో మెట్టు మీద నీడ

చుట్టాల్లో అతని పేరు ‘జరగండిగారు’. చాటుగా పెట్టిన పేరే గానీ ఇప్పుడు ఎదురుగానే పిలిచేస్తున్నారు. ముప్ఫయ్యేళ్లుగా కెమెరా పట్టుకున్న మనిషి నోట ఎక్కువసార్లు వచ్చిన మాట అదే మరి. తన పెళ్లిలో తనే పెళ్లికొడుకై ఉండి కూడా, లేచి ఫోటో తీసేవాడి వెనక్కి వెళ్లి, అత్తగారిని కొంచెం జరగమన్న ఘనుడు.

అతని లెక్కలో ఫోటో పనులు మూడే. మొదటిది మొహాలు. అబ్బో, అంత తలనొప్పి ఇంకోటి లేదు. వచ్చిన ప్రతివాడూ “ఉన్నది ఉన్నట్టు రావాలండీ” అంటాడు. ఉన్నది ఉన్నట్టు తీసి చేతిలో పెడితే “ఇదెవరండీ?” అంటాడు. ఒక పళ్ల డాక్టరైతే నవ్వమంటే నోరు గట్టిగా మూసుకున్నాడు. రెండోది ప్రయాణాలు. ఇంతవరకు ఎవరూ చూడని కొండని తెమ్మని పత్రికవాళ్లు పంపిస్తారు. పడుతూ లేస్తూ పైకెక్కితే అక్కడ అప్పటికే పద్నాలుగు కెమెరా స్టాండులు పాతుకుని ఉంటాయి. మబ్బు తొలగాలని మూడురోజులు కాపలా కాస్తే, అది తొలగేది సరిగ్గా ఇతను చెట్టు చాటుకి వెళ్లినప్పుడే. మూడోది భవనాలు. అవంటే అతనికి ప్రాణం. గోడ కన్ను ఆర్పదు, స్తంభం పొట్ట లోపలికి పీల్చదు, కిటికీ తన ఎడమవైపే బాగుంటుందని పేచీ పెట్టదు. వాటితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే, మధ్యలో మనుషులు తిరుగుతుంటారు.

ఇలా హాయిగా గడిచిపోతుండగా, ఒకరోజు భార్య తన తండ్రిని కంటి డాక్టరుకి చూపించి వచ్చింది. ఆయన పాతకాలపు తాపీమేస్త్రి, ఇప్పుడు వీళ్లింట్లోనే ముందుగదిలో ఉంటారు. రెండు కళ్లల్లోనూ చూపు తగ్గిపోతోందట. మందులు వాడితే కొన్నాళ్లు నిలుస్తుందట గానీ, పోయింది మాత్రం తిరిగి రాదట.

“ఊళ్లోవాళ్ల మొహాలన్నీ తీశారు. మా నాన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు” అంది ఆవిడ, చెప్పులైనా విప్పకుండా. “ఆయన చూసుకోగలిగినప్పుడే ఆయన ఫోటో ఆయన చేతిలో పెట్టాలి. ఏం చేస్తారో నాకు తెలీదు.”

అదేదో ఇతను తీయనన్నట్టు! తీయనివ్వనిది మామగారు. పెళ్లిమాటల నాడే “పిల్లనిస్తాను బాబూ, ఫోటో మాత్రం ఇవ్వను” అన్నారు. హాస్యమనుకుని అందరూ నవ్వారు. ఆల్బం వచ్చాక గానీ తెలియలేదు, అందులో మామగారి వీపులు పద్దెనిమిది ఉన్నాయి, మొహం ఒక్కటీ లేదు.

సరే, ఆవిడ మాటంటే మాటే. మర్నాడు కిటికీ పక్కన కుర్చీ వేసి, “ఇలా కూర్చోండి మామయ్యా, గాలి బాగా వస్తోంది” అన్నాడు. మామగారు కూర్చుని పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు, అదీ తలకిందులుగా. ఆ తర్వాతి రోజు కొండల కోసం దాచుకున్న పెద్ద లెన్సు తీశాడు. ఎదురింటి డాబా మీద బోర్లా పడుకుని, ఆయన మొక్కలకి నీళ్లు పోయడానికి వచ్చేదాకా ఎండలో మాడాడు. ఆయన వచ్చారు. ఇతను నొక్కబోతుంటే, బట్టలు ఆరేయడానికి పైకొచ్చిన ఎదురింటావిడ “అమ్మో, దొంగ!” అని కేకపెట్టింది. మామగారు తువ్వాలు తలమీదుగా కప్పుకుని లోపలికి వెళ్లిపోయారు. ఎదురింటావిడకి సంజాయిషీ చెప్పుకునేసరికి ఇతని తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక లాభం లేదని నేరుగా వెళ్లి అడిగేశాడు. “నేనేం తప్పు చేశాను మామయ్యా? తిట్టదలుచుకుంటే తిట్టండి. ఇలా చెప్పకుండా చంపితే ఎలా?”

మామగారు గోడవైపు చెయ్యి చూపించారు. అక్కడున్నది అతన్ని ఇంతవాణ్ణి చేసిన ఫోటో. కొత్తగా కట్టిన లైబ్రరీలో గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్లే మెట్లు, పెద్ద కిటికీలోంచి పడుతున్న సాయంత్రపు ఎండ. మనిషన్నవాడు లేడు గానీ ఏడో మెట్టు మీద ఒక నీడ ఉంది. ఆ నీడకే బహుమతి వచ్చింది. “మనిషి లేకుండా మనిషి నీడ! ఎంత లోతైన ఆలోచన! ఎలా తట్టింది మీకు?” అని న్యాయనిర్ణేత ఉబ్బితబ్బిబ్బై అడిగితే, మనవాడు వినయంగా తల వంచి “అలా తట్టేసిందండీ” అన్నాడు. తట్టిందీ లేదు, పాడూ లేదు. ఎవరో మనిషి, జరగమంటే జరిగి మళ్లీ అక్కడికే వస్తుంటే, ఎండ పోతోందని నొక్కేశాడు. తర్వాత కంప్యూటర్లో అతన్ని చెరిపేసి, నీడని మర్చిపోయాడు.

“ఆ నీడ నాది” అన్నారు మామగారు.

అతను గోడ దగ్గరికి వెళ్లి ఏడో మెట్టు మీదకి వంగి చూశాడు.

“ఆ మెట్లు నేను కట్టినవే. పదకొండు నెలలు కట్టాను. ఫోటో తీస్తారని తెలిసి మీ అత్తయ్య చొక్కా ఇస్త్రీ చేసి మరీ పంపింది. ఫోటోలో నేను ఓ పక్కకి పడుతున్నానని జరగమంటున్నావనుకుని సరిగ్గా మధ్యలో నిలబడ్డాను. ఆ ఫోటో వేసిన పత్రిక వచ్చాక తెరిచి చూస్తే, మెట్లున్నాయి, నేను లేను. మీ అత్తయ్యే వెతికి వెతికి ‘ఇదిగో మీ నీడ’ అని చూపించింది. పోయేదాకా ఆ పేజీ దాచుకుంది పిచ్చిది.” ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. “మళ్లీ కూర్చుంటే మళ్లీ తుడిచెయ్యవని నమ్మకమేంటి?”

ఆ రోజంతా అతను అన్నం కూడా తినకుండా పాత డిస్కులు తిరగేశాడు. సాయంత్రానికి అసలు ఫోటో దొరికింది. ఏడో మెట్టు మీద, తెల్లచొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, నేరుగా కెమెరాలోకి చూస్తూ పెళ్లికొడుకులా నవ్వుతున్నారు మామగారు. అప్పట్లో అరగంటసేపు కూర్చుని ఆ మొహాన్ని చెరిపాడు గానీ, ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే పెళ్లిచూపుల్లోనే గుర్తుపట్టేవాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు దాన్ని పెద్దగా ప్రింటు చేయించి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. మామగారు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా పెట్టుకుని, కిందనుంచి పైకి ఒక్కో మెట్టూ చూసుకుంటూ వచ్చారు. ఏడో మెట్టు దగ్గర ఆగిపోయారు.

“చొక్కా ఎంత బాగా ఇస్త్రీ చేసిందో చూడు” అన్నారు. తర్వాత తల ఎత్తకుండానే, “కొంచెం జరుగు అల్లుడూ, వెలుతురుకి అడ్డొస్తున్నావు” అన్నారు.

అతను జరిగాడు. ఎండ తిన్నగా మామగారి మొహం మీద పడింది. భార్య వెనకనుంచి కెమెరా చేతికందించి డొక్కలో ఒక్క పోటు పొడిచింది. ఆయన తల ఎత్తారు, కెమెరాని చూశారు, ఈసారి తువ్వాలు కోసం వెతుక్కోలేదు.

ఆ ఫోటో ఇప్పుడు మెట్ల ఫోటో పక్కనే ఉంది. అతను పక్కకి జరిగింది సరిపోక, అల్లుడి తల నీడ మామగారి భుజం మీద పడింది.

“అయ్యో, మీ నీడ అడ్డొచ్చిందండీ, చెరిపేయండి” అంది భార్య.

“నీడలు చెరపడం నాకెప్పుడు చేతనైందే?” అన్నాడతను.