టార్చమ్మ పక్క తలుపు

ఆ సినిమా హాల్లో అన్నిటికంటే పాతది ఏదని అడిగితే కొందరు తెర అంటారు, కొందరు కుర్చీలంటారు. రెండూ తప్పే. తెర మూడుసార్లు మారింది, కుర్చీల సంగతి ఇక చెప్పక్కర్లేదు. మారనిది టార్చమ్మ ఒక్కతే. పంతొమ్మిదో ఏట టార్చిలైటు పట్టుకుని చీకట్లో జనానికి సీట్లు చూపించడానికి చేరిన మనిషి, డెబ్బై దగ్గర పడుతున్నా పక్క తలుపు దగ్గర అదే స్టూలు మీద కూర్చుంటుంది. హాలు లైట్ల మీటలు ఆవిడ భుజం పక్కనే ఉంటాయి. అసలు పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు.

ఆవిడది ఒక్కటే పట్టు. ఆట నడుస్తున్నంతసేపూ పక్క తలుపుకి తాళం పడకూడదు. ఇందుకోసం ఆరుగురు మేనేజర్లతో తగువు పడింది. టిక్కెట్టు లేనివాళ్ళు దూరుతారని వాళ్ళ బాధ. దూరితే నేను చూసుకుంటానని ఈవిడ. దూరినవాణ్ణి చెవి మెలేసి వీధిలో నిలబెట్టేది కూడా ఆవిడే కాబట్టి, ఆరుగురూ నోరు మూసుకున్నారు.

ఈ పట్టు వెనక ఒక సినిమా ఉంది. యాభై ఏళ్ళ కిందటి అగ్నిప్రమాదం సినిమా. ఆకాశమంత మేడ, పైన విందు, కింద మంటలు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తిన జనం గొలుసు వేసిన తలుపు మీద పడి బాదుతారు. ఆ ఘట్టం కోసమే మనుషులు మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. ఆ తర్వాత వచ్చిన ప్రమాదాల సినిమాలన్నీ, ఓడ మునిగినా భూమి కంపించినా, ఆ తలుపునే తిప్పి తిప్పి వాడుకున్నాయి. టార్చమ్మకి సినిమా మొత్తం కంఠతా వచ్చేసింది. తలుపు బాదుడు మొదలైతే ఇంకో ఐదు నిమిషాల్లో విశ్రాంతి అని ఆవిడ గుర్తు.

ఆ సినిమా ఆడుతున్న డెబ్బై మూడో రోజు మ్యాట్నీకి టార్చమ్మ అత్తగారు వచ్చింది. కోడలు పనిచేసే హాలు కదా, దర్జాగా పక్క తలుపు దగ్గరి వరుసలో కూర్చుంది. సరిగ్గా తెర మీద మంటలు లేచే వేళకి, వెనక పాత పోస్టర్లు పడేసే గదిలో కరెంటు తీగ కాలి నిజంగానే అంటుకుంది. హాల్లోకి పొగ వచ్చింది. జనం ఏం చేశారనుకున్నారు? చప్పట్లు కొట్టారు. పొగ కూడా వదిలాడంటే మామూలు సినిమా కాదని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. ప్రమాదం గంట మోగింది. అదీ సినిమాలోదే అనుకుని కాళ్ళు చాపుకున్నారు. టార్చమ్మ మంటలు, మంటలు అని అరిస్తే, "కనపడుతున్నాయిలే అమ్మా, అడ్డం లే" అన్నారు.

టార్చమ్మ మీటల దగ్గరికి పరిగెత్తింది. లైట్లు వేసి, గొంతు చించుకుని, "విశ్రాంతి" అంది.

అంతే. ఎనిమిది వందల మంది లేచారు. ఒళ్ళు విరుచుకుని, ఇంత తొందరగానా అని సణుక్కుంటూ, టీ కోసం ముందు గుమ్మంలోంచి నింపాదిగా బయటపడ్డారు. ఒక్క తోపులాట లేదు. వీధిలో నిలబడి వెనక్కి చూసుకున్నాక గాని అవి నిజం మంటలని వాళ్ళకి తెలియలేదు.

టార్చమ్మ ముందు గుమ్మం దగ్గర జనాన్ని పంపుతుంటే, అత్తగారు మాత్రం దగ్గర కదా అని పక్క తలుపు వైపు వెళ్ళింది. దానికి గొలుసూ తాళమూ. తాళంచెవి మేనేజరు జేబులో, మేనేజరు వీధిలో. బయట ఎంత వెతికినా ముసలావిడ కనపడకపోయేసరికి టార్చమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మళ్ళీ లోపలికి పోయి, తలుపు బాదుతున్న అత్తగారిని ఈడ్చుకొచ్చింది. ప్రాణం పోలేదు గాని దగ్గు పట్టుకుంది. పదకొండేళ్ళు దగ్గి, ఆ దగ్గుతోనే పోయింది.

అత్తాకోడళ్ళకి అంతకుముందు ఉప్పూ నిప్పూ. ఆ పదకొండేళ్ళూ మందు పట్టిందీ, వీపు నిమిరిందీ ఆ కోడలే. ఒకరోజు ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అది గోడయితే ఇంకో దారి వెతుక్కునేదాన్నే అమ్మాయ్. తలుపు కదా అని నమ్మాను."

టార్చమ్మ ఆ రోజు ఏడ్చినంత, అత్తగారు పోయిన రోజు కూడా ఏడవలేదు.

ఇప్పుడు అదే సినిమా కొత్త హంగులతో మళ్ళీ వచ్చింది. మొదటి రోజు మ్యాట్నీకే హాలు కిటకిటలాడిపోయింది. కొత్తగా వచ్చిన ఏడో మేనేజరు ఆవిడని అడక్కుండానే పక్క తలుపుకి మెరిసిపోయే గొలుసు బిగించాడు.

"తియ్యి బాబూ" అంది.

"ఇవాళ ఒక్కరోజేనమ్మా. ఈ జనంలో మీరొక్కరూ ఎవర్నని ఆపుతారు?"

"ఈ జనంలో కనకే తియ్యమంటున్నా."

"ఏదో ఎప్పుడో జరిగిందని ఇన్నేళ్ళూ మేనేజర్లందర్నీ ఆడించారు. ఇక చాలు. ఇష్టం లేకపోతే ఇదే ఆఖరి రోజనుకోండి."

"ఆఖరి రోజయితే ఇక నాకు భయం దేనికి?"

అతను నవ్వి వెళ్ళిపోయాడు. బొమ్మ పడింది. టార్చమ్మ స్టూలు మీద కదలకుండా కూర్చుంది. తెర మీద జనం గొలుసు తలుపు మీద పడి బాదడం మొదలుపెట్టగానే లేచి, హాలు లైట్లన్నీ వేసింది.

"విశ్రాంతి. అందరూ పక్క తలుపులోంచి వెళ్ళాలి."

సణుక్కుంటూనే లేచారు. ముందున్నాయన తలుపు తోశాడు. రెండు వేళ్ళ సందు ఇచ్చి గొలుసు లాగి పట్టింది. ఇంకోసారి తోశాడు. వెనకాల తెర మీద వాళ్ళు బాదుతూనే ఉన్నారు. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"గొలుసు వేసుంది" అన్నాడాయన. ఆ మాట వరుస వెంట వరుసగా వెనక్కి వెళ్ళింది. తర్వాత అందరూ తిరిగి మేనేజరు కోసం చూశారు.

అతను తాళంచెవి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కొత్త తాళం, ఓ పట్టాన తిరగలేదు. నిమిషం పైన పట్టింది. గొలుసు ఊడి, తలుపు తెరుచుకుని, నేల మీద ఎండ పడింది. ఎవరూ బయటికి వెళ్ళలేదు. కాసేపు ఆ తలుపు వంకే చూసి, ఒక్కొక్కరే తమ సీట్లకి పోయారు.

టార్చమ్మ చెయ్యి చాపింది. అతను గొలుసూ తాళంచెవీ ఆ చేతిలో పెట్టాడు.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు" అన్నాడు, చిన్న గొంతుతో.

"వస్తాను. టిక్కెట్టు కొనుక్కుని వస్తాను" అంది టార్చమ్మ, లైట్లు ఆర్పుతూ. "మా అత్తగారు కూర్చున్న వరుసలోనే కూర్చుంటా. కూర్చునే ముందు రోజూ ఈ తలుపు తోసి చూస్తా."