పసుపు లావా, పన్నెండు గంటల ప్రార్థన

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదనుకునేదాన్ని. బీఈడీ పట్టా చేతిలో ఉంది, తెలంగాణ కొత్తగా వచ్చింది, దేవరకొండ దగ్గరి మిషన్ హైస్కూల్లో సైన్సు టీచరుగా చేర్చుకున్నారు. ఇంకేం కావాలి! చేరిన కొన్నాళ్లకే సోషల్ సారు వేరే ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే, హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ఆ పుస్తకాలు కూడా నా చేతిలో పెట్టింది. "చెప్తవు గద?" అంటే "ఓ, చెప్త సిస్టర్" అన్నాను. (సోషల్‌కు నేను పదో తరగతిలోనే దండం పెట్టి వచ్చాను.) అయితే ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. హైదరాబాదు నుంచి పెద్ద సిస్టర్ వచ్చి నా క్లాసు చూస్తుంది, నచ్చితే ఉంటాను, లేకపోతే సంచి సర్దుకోవడమే. ఇంటి దగ్గర బాపు అప్పటికే గొర్ల మంద ఎటు పోతే అటు "మా బిడ్డ టీచరమ్మ అయింది" అని చాటింపు వేసేశాడు. ఇది పోతే ఆయన మొహం ఎట్లా చూడాలన్నదే నా దిగులు.

ఒక్క పాఠంతో సైన్సూ సోషలూ రెండూ చూపించి పెద్ద సిస్టర్‌ను మెప్పించాలని అగ్నిపర్వతాన్ని ఎంచుకున్నాను. ఎర్రమట్టితో కొండ, నడుమ గ్లాసు, అందులో వంట సోడా, లావా రంగుకు పసుపు. పైనుంచి నిమ్మరసం కొద్దికొద్దిగా పోస్తే పొంగుతుంది. (నల్లగొండ జిల్లాలో నిమ్మకాయలకేం కరువు, పిల్లలు జేబుల నిండా తెచ్చారు.) తెల్లని అంగీలో పెద్ద సిస్టర్ బల్ల పక్కనే కూర్చుంది, హెడ్మిస్ట్రెస్ ఆమె వెనక నిలబడింది. ఏడో తరగతి పిల్లలు మెడలు సాచారు. నేను నిమ్మరసం గిన్నె వంచాను. సరిగ్గా అప్పుడే పన్నెండు గంటల ప్రార్థనకు గంట మోగింది.

అలాంటి బడిలో చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ గంట మోగితే ఎక్కడివాళ్లు అక్కడే, ఎట్లున్నవాళ్లు అట్లే కళ్లు మూసుకుని నిలబడాలి. ఏ మతం పిల్లలైనా, టీచర్లైనా అంతే. పెద్ద సిస్టర్ కూడా లేచి నిలబడింది. నేనైతే భయం కొద్దీ మరీ నిష్ఠగా, గిన్నె వంచిన చెయ్యి వంచినట్టే ఉంచి, రాయిలా నిలబడ్డాను. కొద్దికొద్దిగా పోయాల్సిన రసమంతా ఒక్కసారే దిగిపోయింది. బుసబుసమని చప్పుడు. ఒక కన్ను తెరిచి చూస్తే, ఓరి దేవుడా, పచ్చటి నురగ బల్ల దాటి పెద్ద సిస్టర్ అంగీ మీదికి కారుతోంది! పిల్లలు ఒక్కరూ కదలరు. ఆ రోజు 'ఆమెన్' కోసం నేను ఎదురుచూసినంతగా ఫాదర్ కూడా ఎప్పుడూ చూసి ఉండడు.

ప్రార్థన అయ్యీ కాగానే ఉరికి సబ్బు తెచ్చి, సిస్టర్ వద్దు వద్దంటున్నా అంగీ పట్టుకుని రుద్దడం మొదలుపెట్టాను.

"టీచర్, సబ్బు పెట్టకుండ్రి! ఎర్రగైతది!" వెనక బెంచీ నుంచి కేక. ప్రతిదానికీ వాదిస్తుందని మేం 'వకీలు' అని పిలుచుకునే పిల్ల అది. ఏం లాభం, పచ్చటి మరక అప్పటికే ఎర్రగా మారింది.

"మొన్న మీరే చెప్పిండ్రు గద, సబ్బు తాకితే పసుపు ఎర్రగైతదని!" అంటూ వకీలు వచ్చి, పిండేసిన నిమ్మచెక్క తీసి మరక మీద రుద్దింది. ఎరుపు మళ్లీ పచ్చబడింది. క్లాసంతా చప్పట్లు. నాకు మాత్రం కళ్లనీళ్లు ఆగలేదు. ఇంక సంచి సర్దుకోవడమే అనుకున్నాను.

పెద్ద సిస్టర్ మరకను చూసి, పిల్లను చూసి, తన కేరళ యాసలో అడిగింది. "మరి అగ్నిపర్వతం గురించి ఏమి నేర్చుకున్నావు?"

"అది పొంగితే ఉరకాలె సిస్టర్. గంట కొట్టిండ్రని మేం ఉరకలే."

పెద్ద సిస్టర్ పగలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ హెడ్మిస్ట్రెస్‌తో, "ఈ టీచరును ఉంచండి. తాను మరిచిపోయినా పిల్లలు మరిచిపోకుండా చెప్పింది" అంది. నా వైపు తిరిగి, "ఏడవకు, ఎండలో ఆరేస్తే పోతుందిలే" అంది.

సాయంత్రం ఫోన్లో బాపు, "సిస్టరమ్మ ఏమన్నది బిడ్డా?" అని అడిగాడు. "ఉండుమన్నది బాపూ." "అనక ఏం జేస్తది!" అన్నాడు, తనే పరీక్ష పెట్టినవాడిలా.

ఇప్పటికీ అదే బడి, అదే బల్ల. వకీలు సైన్సు టీచరమ్మ కావాలని బీఈడీ చదువుతోంది. అంతా తెలుసనుకున్న ఆనాటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. మొన్న పెద్ద సిస్టర్ చేతికర్రతో మా బడికి వచ్చి నా క్లాసులో కూర్చుంది. పన్నెండు గంటల ప్రార్థన గంట మోగింది. అందరం లేచి నిలబడ్డాం. ఆనాటి నుంచీ ఉన్న అలవాటు కొద్దీ నేను ఒక కన్ను తెరిచాను. ఖాళీ బల్లకు అంగీ తగలకుండా ఒక చేత్తో దూరంగా లాక్కుని, ఒంటికన్నుతో ఆమె నన్నే చూస్తోంది.